వాయి దిగేలోపు

ఒక మాట ఖండితంగా చెబుతున్నాను. కావాలంటే కత్తిరించి దాచుకోండి. బజ్జీలను గుమ్మం దాకా తెచ్చిచ్చే ఫోన్ యాప్ వచ్చాకే తెలుగు రచయితకు మంచిరోజులు వచ్చాయి! అంతకుముందు రాసినవాళ్ళంతా పాపం ఏదో ఓర్చుకుని రాశారు.

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. నా పేరు చెన్నకేశవరావు. జగ్గయ్యపేటలో మా కిరాణా హోల్‌సేల్ కొట్టును మా అబ్బాయి వినయ్‌కి అప్పగించి, ఈ ఆదివారం కాలమ్‌ను మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. కొట్టు బాగానే నడుస్తోంది. కాలమ్ సంగతే చెప్పబోతున్నాను.

పోయిన వారం మా ఎడిటర్‌గారు ఫోన్ చేశారు. రచయితల చిరుతిళ్ళ మీద ప్రత్యేక పేజీ వేస్తున్నారట. ఎవరు ఏం నములుతూ రాస్తారో పాఠకులకు తెలియాలట. "మీరూ రాయండి. ఒక్కటే షరతు. అందులో మీ కిటికీ ఉండకూడదు," అన్నారు.

కిటికీ గొడవేమిటో తర్వాత చెబుతాను. ఫోన్ పెట్టేసేముందు ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ఇంతకీ ఆ డ్రోన్ పంచాయితీ ఏమైందండీ? సగంలో ఆపేశారు. పాఠకులు ఫోన్లు చేసి చంపుతున్నారు. ఈసారి అది తేల్చకపోతే మీ జాగా రాశిఫలాలకు ఇచ్చేస్తాం. వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

చూశారా! పన్నెండు రాశులవాళ్ళు ఏకమై నా ఒక్కడి మీద పడ్డారు.

సరే, ముందు చిరుతిళ్ళు. మా పేట కవి ఒకాయన చక్కెర లేని నల్ల కాఫీ తాగితేగానీ కలం పట్టడు. ఆయన కవిత్వం చదివితే ఆ సంగతి మనకే తెలిసిపోతుంది. నందిగామలో ఒక నవలాకారుడున్నాడు. ఆయనకు నేతిలో వేయించిన జీడిపప్పు ఉండాలి. ప్రకరణానికి ఒక గుప్పెడు. నవల ఆరొందల పేజీలు దాటింది, ఇప్పుడు డాక్టరుగారు ఆయన్ని కథానికలు రాయమంటున్నారు. కొత్త తరంవాళ్ళు మఖానా అనే తామరగింజల పేలాలు తింటూ గ్రీన్ టీ తాగుతూ రాస్తున్నారు. వాళ్ళ రచనలు కూడా అలాగే ఉంటున్నాయి. తిన్నట్టూ ఉండదు, తిననట్టూ ఉండదు.

నాకు మాత్రం మిరపకాయ బజ్జీ! ఈ కాలమ్ మొదలెట్టిన నాటి నుంచీ నా ప్రతి వాక్యం వెనకా ఒక బజ్జీ ఉంది. దీంట్లో దాచుకోవాల్సిందేమీ లేదు. మిరపకాయను నిలువునా చీల్చి, గింజ తీసి, వాము చింతపండు కూరి, శనగపిండిలో ముంచి, నూనెలో వదిలి, పైకి తేలాక తీసి, మళ్ళీ పొట్ట చీల్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండితే ఏ మనిషికైనా నాలుగు మాటలు పుడతాయి. పుట్టకపోతే ఆ మనిషికి జ్వరమైనా ఉండాలి.

ఇక్కడే అసలు విషయం. యాప్ రాకముందు ఈ బజ్జీ కోసం ఒక రచయిత ఎన్ని అగచాట్లు పడాల్సి వచ్చేదో మీకు తెలుసా?

పాత బస్టాండు దగ్గర వీరరాఘవయ్య బండి ఉంది. అక్కడికి నడిచి వెళ్ళాలి. కాళ్ళతో! దారిలో పలకరించిన ప్రతివాడికీ ఎటు వెళుతున్నామో చెప్పాలి. సాహిత్యం కోసం వెళుతున్నాను అంటే నమ్మరు, చేతిలో గుడ్డసంచి లేదు గనక కూరలకు కాదని వాళ్ళకు తెలుసు, బజ్జీలకే అని తేల్చేసి తామూ వెంట వస్తారు. ఇది మొదటి ప్రమాదం.

బండి దగ్గరికి చేరగానే బజ్జీ చేతికొస్తుందా? రాదు! బజ్జీలు ఒకటొకటిగా పుట్టవు. మూకుడులో పట్టినన్ని ఒకేసారి వేసి, పొంగి, రంగు తిరిగి, చిల్లుల గరిటెతో నూనె వంచి దించితే అది ఒక వాయి. మనం వెళ్ళేసరికి ముందు వాయి ఎప్పుడూ అప్పుడే అయిపోయి ఉంటుంది. ఇదేం శాపమో నాకు తెలియదు. "ఒక్క వాయి ఆగండి రావుగారూ," అంటాడు వీరరాఘవయ్య. ఆగాలి. రచయిత అనే గౌరవం లేదు, వయసు అనే కనికరం లేదు, అందరితోపాటు నిలబడి ఆగాలి.

ఆగినవాళ్ళు ఊరుకుంటారా? మాట్లాడతారు! అదీ దారుణం.

నాతోపాటు రోజూ ఆగే మనుషులు ఇద్దరున్నారు. ఒకరు తిరుపతిరావు. కాపురం పేటలోనే, చేలు మాత్రం గరికపాడు వైపు. మిర్చి రైతు. ఏనాడూ మిరపకాయ బజ్జీ ముట్టడు, అరటికాయ బజ్జీయే తింటాడు. ఎందుకయ్యా అంటే, "నా తోటలో కాయని నేనే కొనుక్కు తినాలా అండీ? ఇదెక్కడి న్యాయం?" అంటాడు. ఆయన కథ చెప్పడం మొదలెడితే నూనె కూడా కాగడం మర్చిపోతుంది. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. సరిగ్గా అసలు చోటుకు వచ్చేసరికి గరిటె మూకుడులో దిగుతుంది, వాయి పైకొస్తుంది, ప్లేట్లు చాపుతారు, కథ ఆగిపోతుంది. మిగతాది వినాలంటే రెండో ప్లేటు తినాలి. వీరరాఘవయ్యకూ ఆయనకూ లోపాయికారీ ఒప్పందం ఏమన్నా ఉందేమోనని నాకు అనుమానం.

రెండో ఆవిడ భారతీదేవి టీచరు. హిందీ పండిట్‌గా రిటైరయ్యారు. ఆవిడ కథలు చెప్పరు, ఎదుటివాళ్ళవి దిద్దుతారు. తిరుపతిరావు చేను గట్టు వర్ణన ఎత్తుకుంటే, "గట్టు మాకు తెలుసులేవయ్యా. తర్వాతేమైంది, అది చెప్పు," అంటారు. నేను కల్పించి నాలుగు మాటలు కలిపితే, "అది జరగలేదు. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది," అంటారు. వాము తగ్గినా అంతే, "వాము తగ్గింది రాఘవయ్యా," అని మొహం మీదే చెప్పేస్తారు. స్టార్లు లేవు, రేటింగు లేదు, ఇంత కర్కశంగా ఉండేది ఆ పాత వ్యవస్థ.

ఈ హింస మధ్య నేను కాలమ్ ఎలా రాశానో మీరే ఊహించుకోండి. మొదటి వాయికి ఒక సంగతి చెవిన పడేది. రెండో వాయికి అది నిజమో కాదో టీచరుగారు తేల్చేవారు. మూడో వాయికి దానికి నేను కొంచెం ఉప్పూకారం కలిపి చెప్పి చూసేవాణ్ణి. నలుగురూ నవ్వితే ఇంటికెళ్ళి రాసేసేవాణ్ణి. నవ్వకపోతే ఇంకో వాయి. మరుసటి ఆదివారం అది పేపర్లో వస్తే తిరుపతిరావు బండి దగ్గర కాగితం పట్టుకుని, "నన్ను మళ్ళీ ఏసారు రావుగారు. ఈసారి మీసాలు పెట్టారు," అని అందరికీ చూపించేవాడు. ఇలాంటి వాతావరణంలో ఉత్తమ సాహిత్యం ఎలా వస్తుందండీ?

ఇక డ్రోన్ సంగతి. కాలమ్ చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను.

తిరుపతిరావు మిర్చి తోటకు నల్లి పురుగు పట్టింది. కూలీలు దొరకడం లేదని డ్రోన్‌తో మందు కొట్టించాడు. డ్రోన్ నడిపే అతను నందిగామ నుంచి వచ్చి, ఫోన్‌లో మ్యాపు చూసుకుని, గట్టు మీద నిలబడి ఎగరేశాడు. డ్రోన్ బ్రహ్మాండంగా ఎగిరింది, బ్రహ్మాండంగా కొట్టింది, బ్రహ్మాండంగా దిగింది. కొట్టింది మాత్రం పక్క చేలో! ఆ పక్క చేను ఎవరిది? తిరుపతిరావు వియ్యంకుడిది. ఆ వియ్యంకుడు ఎవరు? రసాయనం చుక్క తగలనివ్వకుండా సేంద్రియ సాగు చేస్తున్నానని ఊరూరా చెప్పుకునే మనిషి! చేను ముందు ఆ సంగతి రాసి బోర్డు కూడా పాతాడు. ఆ బోర్డు మీద కూడా మందు పడింది.

వియ్యంకుడు నష్టం అడగలేదు. అడిగితే సగం గొడవ అక్కడే తీరేది. నలుగురు పెద్దమనుషుల ముందు తిరుపతిరావు తప్పు ఒప్పుకోవాలన్నాడు. తిరుపతిరావు తప్పు డ్రోన్‌ది అన్నాడు. డ్రోన్ నడిపిన అతను తప్పు మ్యాపుది అన్నాడు. మధ్యలో తిరుపతిరావు కూతురు, అటు మామగారికీ ఇటు నాన్నకీ కాఫీలు అందిస్తూ, ఎవరితోనూ ఏమీ అనలేక నలిగిపోయింది. ఆఖరికి పెద్దమనుషుల్లో కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రం బండి దగ్గర తిరుపతిరావు అదంతా చెబుతున్నాడు. ముసురు పట్టి ఉంది, వాయి సగం కాలింది. "అందరం కూర్చున్నామండీ. మా ఇయ్యంకుడు ఆ బోర్డు పీక్కొచ్చి మధ్యలో పెట్టాడు. నేను నోరు తెరవబోయా. అంతలో మా అమ్మాయి లేచి..."

అదే క్షణంలో వాయి దిగింది. అదే క్షణంలో వానా దిగింది! అందరూ ప్లేట్లు నెత్తిన పెట్టుకుని తలోదిక్కూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. మురుక్కాలవ పక్కన జారి పడ్డాను. చీలమండ బెణికింది. బజ్జీ మాత్రం కింద పడనివ్వలేదు, అది రికార్డు కోసం చెబుతున్నాను.

ఆ వారం కాలమ్‌లో, "అమ్మాయి లేచి..." అన్న చోట ఆపి, ముగింపు త్వరలో అని రాశాను. ఆ తర్వాతది నాకూ తెలియదు గనక అంతకుమించి రాయలేకపోయాను.

కాలుకు కట్టు కట్టించుకుని కుర్చీలో కూర్చుంటే మా కోడలు నీరజ వచ్చింది. "మామయ్యగారూ, ఈ కాలేసుకుని బజారెందుకండీ? ఫోన్ ఇలా ఇవ్వండి," అని నందిగామలో ఎవరో పెట్టిన 'గబగబ' అనే యాప్‌ను నా ఫోన్‌లో ఎక్కించింది. రెండూళ్ళకూ అదే యాప్. వీరరాఘవయ్య బండి కూడా అందులో ఉంది! ఫొటోలో వీరరాఘవయ్య లేడు, బజ్జీ ఒక్కటే ఉంది. అదీ ఆయన వేసిన బజ్జీ కాదు. ఎవరో తెల్లటి పింగాణీ పళ్ళెంలో కొత్తిమీర చల్లి పెట్టిన బజ్జీ.

ఆనాటి నుంచి నా జీవితమే మారిపోయింది!

బొటనవేలు ఒక్కసారి కదిపితే చాలు, బజ్జీ నా బల్ల మీదికి వస్తుంది. నడక లేదు. పలకరింపులు లేవు. నిలబడ్డం లేదు. ఎవరి కష్టాలూ వినక్కర్లేదు. మొదట్లో తలుపు తీసి తీసుకోవాల్సి వచ్చేది. తర్వాత చూస్తే యాప్‌లో, తలుపు దగ్గర పెట్టి వెళ్ళమనే మీట కూడా ఉంది. అది నొక్కాను. ఇక మనిషి మొహమే చూడక్కర్లేదు! బెల్లు మోగుతుంది, మెట్లు దిగే చప్పుడు వినిపిస్తుంది, తలుపు తీస్తే పెట్టె ఉంటుంది. ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది?

చిన్నచిన్న లోపాలు లేవని నేను అనను. ఒకసారి కళ్ళజోడు లేకుండా నొక్కితే ఆర్డరు నందిగామ గాంధీ సెంటర్‌లో ఇంకో బజ్జీ బండికి పడింది. మ్యాపులో నా బజ్జీ హైవే మీద బయల్దేరింది. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగింది. అక్కడి నుంచి కదలదే! పెళ్ళివారి బస్సు కోసం ఎదురుచూసినట్టు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చివరికి వచ్చాక పెట్టె విప్పితే పిండి తొడుగు ఒక పక్కన, మిరపకాయ ఒక పక్కన ఉన్నాయి. రెండూ ఒకే బజ్జీవని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. తిన్నాను. అయిదు స్టార్లు ఇచ్చాను. అంత దూరం ప్రయాణం చేసిన బజ్జీని అవమానించే మనసు నాకు రాలేదు.

మా వీరరాఘవయ్య బజ్జీ కూడా పెట్టెలో వస్తే కొంచెం మెత్తబడుతుంది. ఆవిరంతా లోపలే ఉండి పిండి నీరసిస్తుంది. దాంతో మనకేం పని? మనకు కావలసింది ఏకాంతం! ఎదురుగా కాగితం, పక్కన బజ్జీ, ఇంట్లో నిశ్శబ్దం.

మొదటి వారం కాగితం ముందు కూర్చున్నాను. బజ్జీ తిన్నాను. కాగితం వైపు చూశాను. కాగితం నా వైపు చూసింది. తలెత్తితే ఎదురుగా కిటికీ కనిపించింది. దాని మీద ఒక కాలమ్ రాశాను. బాగానే వచ్చిందనుకున్నాను. రెండో వారం ఆ కిటికీ చువ్వల మీద రాశాను. మూడో వారం చువ్వల మీద వాలిన కాకి మీద రాశాను. నాలుగో వారం కాకి రాలేదు. దాని మీద రాశాను.

"కాకి రాలేదని పేపర్లో వేసుకుంటామా అండీ?" అన్నారు ఎడిటర్‌గారు.

అదీ కిటికీ గొడవ. ఎడిటర్‌గారికి అంతర్ముఖ సాహిత్యం అంటే గిట్టదు. గట్టు మాకు తెలుసులేవయ్యా అని మధ్యలో కోసేవాళ్ళు లేకపోవడం వల్ల నా రచనకు ఎంత స్వేచ్ఛ వచ్చిందో ఆయనకు తెలియదు. నాలుగు పేజీల కాకిని నేను ఏ అడ్డంకీ లేకుండా రాశాను!

ఈలోగా కాలు నయమైంది. అయినా బండి దగ్గరికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళాలి? వీధిలోకి అడుగుపెట్టబోతే, ఎలాగూ అది ఇంటికే వస్తుంది కదా అనిపించేది. చెప్పులు విడిచి మళ్ళీ కూర్చునేవాణ్ణి.

కానీ రాశిఫలాలవాళ్ళు పొంచి ఉన్నారు కదా! ఆ కూతురు లేచి ఏమందో తెలుసుకోక తప్పదు. తిరుపతిరావుకు ఫోన్ చేద్దామనుకున్నాను. నంబరు లేదు. ఇన్నేళ్ళుగా పక్కపక్కన నిలబడి తిన్నాం, ఒకరి రుమాలుతో ఒకరం చేతులు తుడుచుకున్నాం, నంబరు మాత్రం తీసుకోలేదు. రోజూ కనపడే మనిషి నంబరు ఎవరు తీసుకుంటారు చెప్పండి? ఇల్లు ఎక్కడో కూడా తెలియదు. టీచరుగారి సంగతీ అంతే.

అందుకని ఎడిటర్‌గారు ఫోన్ చేసిన సాయంత్రమే పాత బస్టాండుకు నడిచాను. బండి అక్కడే ఉంది. మూకుడు పొగలు కక్కుతోంది. బండి ముందు మాత్రం ఒక్క మనిషి లేడు! మేం నిలబడే చోట స్కూటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. బండికి ఒక అట్ట వేలాడుతోంది. 'యాప్ ఆర్డర్లు మాత్రమే. ఇక్కడ గుమిగూడరాదు' అని ఉంది దాని మీద.

"మా కోడలు పెట్టిందండి రూలు," అన్నాడు వీరరాఘవయ్య తలెత్తకుండా. "మనుషులు నిలబడితే స్కూటర్లోళ్ళకి అడ్డమంట."

"తిరుపతిరావు వస్తున్నాడా?" అన్నాను.

"ఆయనా యాప్‌లోనేనండి. అరటికాయ బజ్జీ. టీచరమ్మ గారూ అంతేనండి. అందరూ తింటానే ఉన్నారు, ఎవురూ రావట్లా."

"ఆ డ్రోన్ పంచాయితీ ఏమైందో తెలుసా?"

"నాకెట్టా తెలుస్తదండీ? ఇదివరకు మీరు చెప్పుకుంటుంటే ఇనేవోణ్ణి. ఇప్పుడు ఫోన్ కుయ్‌మంటది, నేను ఏస్తా, వాళ్ళు పట్టుకుపోతారు." గరిటె ఒకసారి మూకుడు అంచుకు కొట్టి అన్నాడు. "బేరం బానే ఉందండి. పొద్దే పోవట్లా."

సిగ్గు విడిచి చెబుతున్నాను. అక్కడ ఆ స్కూటర్ల మధ్య నిలబడి ఉంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. బజ్జీ దొరకనందుకు కాదు. బజ్జీ ఇంట్లో నా బల్ల మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు ఉంటుంది. ముగ్గురం ఒకే మూకుడులో కాలిన బజ్జీలు ఒకే సాయంత్రం మూడు గదుల్లో కూర్చుని తింటున్నాం. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

సరే, ఇది వ్యంగ్య రచన. కళ్ళు తుడుచుకుని ముందుకు పోదాం.

మర్నాడు పెట్టె వచ్చినప్పుడు, మెట్లు దిగేలోపే తలుపు తీసి పట్టుకున్నాను. తెచ్చేది జాయిస్ అనే అమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లి, స్కూటీ మీద ఊరంతా తనే తిరుగుతుంది. "తిరుపతిరావుగారని, అరటికాయ బజ్జీ తెప్పించుకుంటారు, వాళ్ళిల్లు నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"తెలుసండి. చిల్లకల్లు రోడ్డులో."

"ఆయన్ని ఒక్క మాట అడిగి వస్తావా?"

"నేను మాటలు మొయ్యనండి, ఆర్డర్లే మోస్తాను. టైము పోతే నాకు కట్ అయిద్ది," అంది. మెట్లు దిగుతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "ఆయన ఇంటికి మీరే ఒక ఆర్డరు పెట్టండి. కింద ఏమన్నా చెప్పాలంటే రాయమని గడి ఉంటది. అందులో రాస్తే పెట్టె మీద ప్రింటయి వస్తది," అని డోర్ నంబరు కూడా చెప్పింది.

చూశారా యాప్ గొప్పతనం! ఒక ప్లేటు అరటికాయ బజ్జీ తిరుపతిరావు ఇంటికి ఆర్డరు పెట్టి, గడిలో రాశాను: 'కేశవరావును. అమ్మాయి లేచి ఏమంది?' అంతే రాశాను. కారం తగ్గించాలా అని ఆ గడి పైన అడిగారు, దానికి జవాబివ్వలేదు.

ఆ రోజు జవాబు లేదు. మర్నాడు సాయంత్రం నేను ఆర్డరు పెట్టకుండానే బెల్లు మోగింది. గుమ్మంలో ఒక పెట్టె. విప్పితే మిరపకాయ బజ్జీలు! జీవితంలో మొదటిసారి తిరుపతిరావు మిరపకాయ బజ్జీలు కొన్నాడు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ప్రింటయి ఉంది: 'గడిలో పట్టదు రావుగారూ. రెండు వాయిల సంగతి. రేపు బండి కాడికి రండి. టీచరుగారికీ పంపా.' మా ఇళ్ళ నంబర్లు జాయిస్ దగ్గరే పట్టి ఉంటాడు.

ఆ రేపు అనేది మొన్న శుక్రవారం.

నేను వెళ్ళేసరికి బండి పక్కన మూసేసిన చెప్పుల కొట్టు అరుగు మీద తిరుపతిరావు కూర్చుని ఉన్నాడు. టీచరుగారు ఎదురుగా గొడుగుతో నిలబడి ఉన్నారు. అరుగు దుమ్ము రుమాలుతో దులిపి నేనూ కూర్చున్నాను. "బరువు పెరిగారు," అన్నారు టీచరుగారు నాతో. ప్రాణం లేచి వచ్చింది.

"రాఘవయ్యా, మూడు ప్లేట్లు," అన్నాడు తిరుపతిరావు.

"ఇవ్వకూడదండి," అన్నాడు వీరరాఘవయ్య, అట్ట వైపు చూపిస్తూ. "ఫోన్లో పడితేగానీ నూనెలో పడదు. మా కోడలు చూసిందంటే ఊరుకోదు."

టీచరుగారు కళ్ళజోడు సవరించుకుని ఫోన్ తీశారు. చిరునామా దగ్గర, 'బజ్జీ బండి పక్కన, చెప్పుల కొట్టు అరుగు' అని రాశారు. నొక్కారు. రెండు బారల దూరంలో వీరరాఘవయ్య ఫోన్ కుయ్‌మంది. ఆయన గంభీరంగా అది చూసి, "ఆర్డరొచ్చిందండి," అని మాకే చెప్పి, పిండి కలపడం మొదలెట్టాడు.

టీచరుగారి ఫోన్‌లో ఏమని వచ్చిందో తెలుసా? మీ ఆర్డరు ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేరుతుంది!

ఇరవై ఎనిమిది నిమిషాలు! పాఠకులారా, పాత రోజుల్లో మాకు ఒక వాయికి పట్టుమని పది నిమిషాలు కూడా దొరికేవి కావు. తిరుపతిరావు హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. చేను గట్టు దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. "గట్టు మాకు తెలుసులేవయ్యా," అన్నారు టీచరుగారు. ఆ మాట విని ఎన్నాళ్ళయింది!

ఆయన చెబుతున్నాడు. బోర్డు మధ్యలో ఉంది. పెద్దమనుషులు గొంతు సవరించుకున్నారు. అమ్మాయి లేచింది. అంతలో జాయిస్ స్కూటీ వచ్చి ఆగింది. బండి మీంచి పెట్టెలు తీసుకుని, నాలుగడుగులు నడిచి మా దగ్గరికి వచ్చి, "మీ ఆర్డరండి. ఓటీపీ చెప్పండి," అంది నవ్వాపుకుంటూ. టీచరుగారు చెప్పారు. పెట్టెలు తెరిచాం. బజ్జీలు కరకరలాడుతున్నాయి.

"ఇంకో ఆర్డరు పెట్టండి," అన్నాడు తిరుపతిరావు. మనిషి ఏం మారలేదు.

ఈసారి నేను పెట్టాను. జాయిస్ వెళ్ళాలి. ఆమె ఫోన్ మోగుతూనే ఉంది, డబ్బాలో వేరేవాళ్ళ పెట్టెలు కూడా ఉన్నాయి. ఆమె స్కూటీ స్టాండు వేసి, సీటు మీద పక్కకు కూర్చుంది. "అమ్మాయి లేచి ఏమందో ఇని పోతానండి. మీ గడిలో రాసింది చదివిన కాణ్ణించి బుర్రలో అదే తిరుగుతాంది."

తిరుపతిరావు చెప్పాడు. ఆ పిల్ల లేచి ఏమందో, ఏం చేసిందో, ఆ బోర్డు ఇప్పుడు ఎవరి చేలో ఉందో, అంతా చెప్పాడు. టీచరుగారు ఒక్క మాట దిద్దలేదు. చివర్లో ఆవిడ చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. వెనకనుంచి ఏదో కమురు వాసన వస్తోందని తిరిగి చూస్తే వీరరాఘవయ్య గరిటె గాల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూకుడులో వాయంతా నల్లబడిపోయింది.

"ఆ పిల్ల అట్టా అందా!" అన్నాడు.

ఇప్పుడు ఒప్పుకుంటారా, యాప్ వరమని? అది లేకపోతే మాకు ఇరవై ఎనిమిది నిమిషాలు ఎవరిస్తారు? ఊరికే నిలబడి మాట్లాడుకుంటామంటే ఈ రోజుల్లో ఎక్కడా నిలబడనివ్వరు. ఆర్డరు పెట్టుకుని ఎదురుచూస్తున్నామంటే మాత్రం ఎవ్వరూ ఏమీ అనరు. ఇప్పుడు రోజూ పెడుతున్నాం. నిన్న తలుపు దగ్గర పెట్టి వెళ్ళమనే మీట కూడా తీసేశాను, మాకు తలుపు లేదు గనక.

అయితే ఒక్క విషయంలో పేట ప్రజలకు నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. మొన్న శుక్రవారం సాయంత్రం మీలో కొందరికి బజ్జీలు బాగా ఆలస్యంగా వచ్చి ఉంటాయి. కొందరికి మాడి వచ్చి ఉంటాయి. మీరు జాయిస్‌కీ వీరరాఘవయ్యకీ ఒక్క స్టారు ఇచ్చారని తెలిసింది. తప్పు వాళ్ళది కాదు, మాది. ఆ స్టారేదో నాకివ్వండి. కానీ ఇచ్చేముందు ఒక్కటి నిజం చెప్పండి. ఆ పెట్టె విప్పినప్పుడు మీ పక్కన ఎవరన్నా ఉన్నారా?

ఎడిటర్‌గారూ, మీ షరతు తప్పాను. కిటికీ రానే వచ్చింది. డ్రోన్ పంచాయితీ మాత్రం తేలిపోయిందండీ. ఎలా తేలిందో ఇక్కడ రాయను. జాగా కావాలంటే రాశిఫలాలకు ఇచ్చేయండి. వాళ్ళ ఫలాల్లో ఈ వారం పన్నెండు రాశులకూ ప్రయాణం ఉందని వేయించండి చాలు, పాత బస్టాండు దాకా.

చదువరులకు కూడా అదే మనవి. ఆ అమ్మాయి లేచి ఏమందో కావాలంటే బండి దగ్గరికి రండి. అరుగు మీద ఇంకా చోటుంది. ఒక్క వాయి ఆగితే తిరుపతిరావు చెబుతాడు, టీచరుగారు దిద్దుతారు. నేను ఇంటికి పంపించలేను. పెట్టెలో పెట్టి పంపితే అది కూడా మెత్తబడిపోతుంది.